ఇద్దరి తీరు: ఉద్దానం పెళ్లిళ్లలో ఫొటోగ్రాఫరుకు అందవలసిన తర్ఫీదు

పలాస–కాశీబుగ్గ జంట పట్టణాల్లోనూ, టెక్కలిలోనూ, అక్కడి నుంచి సముద్రం వైపు వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల మీదుగా పరుచుకున్న ఉద్దానం పల్లెల్లోనూ పెళ్లి ఫొటోగ్రాఫరు కావాలనుకున్న కుర్రవాడికి నేటికీ స్టూడియోయే బడి, దాని యజమానే గురువు. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీకి డిగ్రీ చదువు ఉన్నా, కోరుట్లలో పుట్టిన ప్రసిద్ధ ఛాయాచిత్రకారుడు బండి రాజన్‌బాబు (1939–2011) ఆ నగరంలోనే శిక్షణ సంస్థ నడిపి ఎందరినో తీర్చిదిద్దినా, ఆంధ్రప్రదేశ్ ఈశాన్యపు అంచున ఉన్న ఈ ప్రాంతంలో మాత్రం ఈ విద్య చేతి నుంచి చేతికే అందుతూ వచ్చింది. మొదట లైటు పట్టుకోవడం, బ్యాగు మోయడం, వైర్లు చుట్టడం. తరువాత బంధువుల గ్రూపు ఫొటోలు, వీడియో. చివరికి ముహూర్తం వేళ మండపం పక్కన గురువు స్థానంలో నిలబడే అవకాశం. స్థూలంగా ఇదీ క్రమం. ఈ క్రమం వెలుతురునూ యంత్రాన్నీ పెళ్లితంతునూ చక్కగానే నేర్పుతుంది. ఎదుట నిలబడ్డ ఇద్దరూ ఎటువంటి మనుషులో గ్రహించి, ఆ తీరు ఫొటోలో నిలిచేటట్టు చూడడం మాత్రం అందులో ఎవరూ పైకి చెప్పని పాఠంగానే ఉండిపోయింది. ప్రీవెడ్డింగ్ షూట్లు, డ్రోన్లు, సినిమా పాటల మాదిరి వీడియోలు వచ్చిచేరిన ఈ రోజుల్లో ఆ పాఠాన్ని పైకి తీసి, పద్ధతిగా నేర్పవలసిన అవసరం ఏర్పడింది.

పాశ్చాత్య దేశాల్లో పెళ్లి ఫొటోగ్రఫీ బోధన చాలావరకు ఒక ఊహ మీద నిలబడి ఉంటుంది. ఆ ఇద్దరూ కొన్నేళ్లుగా కలిసి తిరిగినవారనీ, వారి మధ్య చనువు ముందే ఏర్పడి ఉందనీ, ఫొటోగ్రాఫరు చేయవలసిందల్లా అది బయటపడేదాకా ఓపిక పట్టడమేననీ ఆ ఊహ. ఉద్దానంలో పెద్దలు కుదిర్చిన సంబంధాలకు ఇది వర్తించదు. ఈ తీరపు మత్స్యకారులు గుజరాత్ రేవుల దాకా వేటకు వలస పోతారు. లోపలి పల్లెల యువకులు గల్ఫ్ దేశాల్లో వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, తాపీ పనివారుగా కుదురుకుంటారు. మరికొందరు సైన్యంలోనో ఓడల మీదనో ఉంటారు. పెళ్లికొడుకు ఊళ్లో ఉండేది సెలవు దొరికిన కొన్ని వారాలే కాబట్టి, నిశ్చితార్థానికీ పెళ్లికీ మధ్య ఆ ఇద్దరి పరిచయం ఫోను మాటలతోనే గడిచిపోతుంది. అటువంటి జంట బారువ తీరానికో, అక్కుపల్లి శివసాగర్ బీచ్‌కో ప్రీవెడ్డింగ్ షూట్ కోసం వచ్చినప్పుడు ఒకరి పక్కన ఒకరు ఒక పూటంతా గడపడం అదే తొలిసారి కావచ్చు. ఆ క్షణాన వారి మధ్య ఉన్న నిజం సిగ్గు, కుతూహలం, కొంత బెదురు. నుదుటికి నుదురు ఆనించి కళ్లు మూసుకోమనడం, ఎత్తుకుని గిర్రున తిప్పమనడం ఇంకా పుట్టని చనువును వారిచేత నటింపజేయడమే అవుతుంది. ఆ నటన ఫొటోలో పెదవుల బిగువుగానో, ఎక్కడ పెట్టాలో తెలియని చేతులుగానో బయటపడుతూనే ఉంటుంది.

మేనరికపు జంటల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. చిన్ననాటి నుంచి బావామరదళ్లుగా పిలుచుకుంటూ, ఒకే పెరట్లో పనసతొనలు పంచుకుంటూ పెరిగిన ఇద్దరి మధ్య వెక్కిరింతలకూ అలకలకూ కొదవ ఉండదు. వారిని గంభీరంగా ఎదురెదురుగా నిలబెట్టి ప్రేమగా చూసుకోమంటే నవ్వు ఆపుకోలేరు, ఆ నవ్వే వారి అసలు ఫొటో. టెక్కలిలోనో విశాఖపట్నంలోనో చదువుకునే రోజుల్లో ఇష్టపడి, పెద్దలను ఒప్పించి పెళ్లిపీటల దాకా వచ్చిన జంట ఇంకొక రకం. వారికి ఒకరి మీద ఒకరికి ఎంత చనువున్నా, పెద్దల ఎదుట దాన్ని దాచుకునే జాగ్రత్త అంతకంటే ఎక్కువగా ఉంటుంది. కనుక శిష్యుడికి మొట్టమొదట చెప్పవలసింది కెమెరా కోణం గురించి కాదు. ఈ ఇద్దరూ ఒకరికొకరు ఏ మేరకు తెలుసు అన్న ప్రశ్న వేసుకోవడం గురించి. సిగ్గును సిగ్గుగానే, చనువును చనువుగానే తీయగలిగితే ఆ ఫొటో ఆ జంటది అవుతుంది. అలా కాక, ఒకే పోజు అన్ని జంటలకూ తొడిగితే ముఖాలు మారతాయి తప్ప ఆల్బం మారదు.

ఈ పాఠానికి కావలసిన సరంజామా పాత స్టూడియోల్లో కొంత ఉండేది. ఫిల్ము రోజుల్లో మన స్టూడియోల్లో విరివిగా వాడిన యాషికా కెమెరాకు ముందు వైపు ఒకదాని మీద ఒకటిగా రెండు లెన్సులు ఉండేవి. బొమ్మ పైనున్న గాజుపలక మీద కనబడేది. ఫొటోగ్రాఫరు దాన్ని నడుము ఎత్తులో పట్టుకుని, తల వంచి కూర్పు సరిచూసుకుని, ఆపై తలెత్తి ఎదుటివారితో మాట్లాడుతూ మీట నొక్కేవాడు. అంటే ఫొటో పడే వేళకు అతని ముఖం యంత్రం వెనుక దాగి ఉండేది కాదు. కూర్చున్నవారు చూసేది ఒక మనిషిని. 120 రకం రోలుకు పన్నెండు చదరపు ఫొటోలే వస్తాయి కనుక, వాళ్లను కుదుటపరిచి, ఊరూ పేరూ అడిగి, తెలిసిన చుట్టరికం ఏదైనా తగిలితే దాన్ని కదిలించి, భుజాలు సడలిన తరువాతే మీట మీద వేలు పెట్టేవాడు. తరువాత స్టూడియోల వాడుకలోకి వచ్చిన 35 ఎం.ఎం. కెమెరాను కంటికి ఆనించుకోవలసి రావడంతోనూ, ఆపైన డిజిటల్ వచ్చి లెక్కలేనన్ని ఫొటోలు తీసే వీలు కలగడంతోనూ ఆ మాటా, ఆ ఆగడమూ రెండూ తగ్గిపోయాయి. నేటి మిర్రర్‌లెస్ కెమెరాలకు సాధారణంగా పైకి తిరిగే తెర ఉంటుంది, వాటిలో చాలావాటిని చప్పుడు కాకుండా పని చేయించవచ్చు; కాబట్టి కెమెరాను నడుము ఎత్తులో పట్టుకుని, ముఖాముఖి మాట్లాడుతూ ఫొటో తీసే ఆ పాత పద్ధతిని శిష్యులకు తిరిగి అలవాటు చేయడం ఇప్పుడు తేలిక. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి: చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టరు వాడినప్పుడు, రెప్పపాటుకు అందని వేగంతో మినుకుమనే ఎల్‌ఈడీ లైట్ల కింద ఫొటో మీద అడ్డచారలు పడవచ్చు, వేదిక వెనుక పెద్ద ఎల్‌ఈడీ తెర పెట్టిన పెళ్లిళ్లలో ముందే ఒకటి రెండు ఫొటోలు తీసి చూసుకోవడం మేలు.

మాటలు కలపడంలోనూ నేర్పవలసింది ఉంది. పెళ్లికి ముందు ఒకసారి ఇరువైపుల ఇళ్లకూ వెళ్లి, వదినో అప్పో మేనత్తో పక్కన కూర్చుని ఉండగా మాట్లాడడం ఇక్కడి మర్యాదకు సరిపోతుంది, అమ్మాయికి ధైర్యాన్నీ ఇస్తుంది. అభిరుచులు ఏమిటని అడిగితే పాఠం అప్పజెప్పినట్టు జవాబులు వస్తాయి. ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఎవరు, చిన్నప్పుడు ఎవరి దగ్గర పడుకునేవారు, కోపం వస్తే మాట మానేసేది ఎవరు వంటి ప్రశ్నలకు పక్కనున్నవాళ్లు కూడా అందుకుని, ఒకరి మాట ఒకరు ఖండిస్తారు. ఆ సందడిలో మనిషి తీరు బయటపడుతుంది. ఆ ఇంటి పాత ఆల్బం అడిగి చూడడం మరీ మంచిది, ఎవరికి ఎవరంటే ప్రాణమో అందులో తెలిసిపోతుంది. మందస, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఇళ్లలో ఒడియా కూడా వినబడుతుంది. నానమ్మతో రెండు ముక్కలు ఆ భాషలో మాట్లాడగలిగిన ఫొటోగ్రాఫరుకు ఆ ఇంట్లో తలుపులన్నీ తెరుచుకుంటాయి. ప్రీవెడ్డింగ్ షూట్‌లోనైతే పోజు బదులు ఒక పని అప్పగించాలి. ఇద్దరినీ కలిసి బోండాలు తాగమనవచ్చు, గట్టు మీద ఆ చివరిదాకా నడిచి రమ్మనవచ్చు, అమ్మమ్మ ఇంటికి శుభలేఖ ఇచ్చి రమ్మని పంపి వెనకగా నడవవచ్చు. చేతులకు పని దొరికితే ముఖం తన దారిన తాను మెలుగుతుంది.

ఈ ప్రాంతపు వెలుతురు కూడా గురువు చేతి మీదుగానే తెలియాలి. ఉద్దానం పల్లెలు చాలావాటిలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని వీధికి ఇరువైపులా బారులు తీరి ఉంటాయి. ముందు అరుగు, వెనక పెరడు, మధ్య గదులకు కిటికీ అరుదు. పెళ్లికూతురిని సింగారించేది సాధారణంగా ఆ మధ్య గదిలోనే. అక్కడ ఫ్లాష్ వేస్తే ముఖం తెల్లబడి, వెనుక గోడ మీద నీడ గాటుగా పడుతుంది. ఆమెను పెరటి గుమ్మం వైపు తిప్పి కూర్చోబెడితే, కొబ్బరిచెట్ల మీదుగా వడగట్టుకుని వచ్చే మెత్తని వెలుగు ఒక చెంప మీద పడి, రెండో చెంప క్రమంగా నీడలోకి జారుతుంది, ఎఫ్ 1.8 దాకా తెరుచుకునే 50 ఎం.ఎం. లెన్సు ఉంటే ఆ వెలుతురు చాలు. తాటాకు, కొబ్బరాకు పందిళ్ల కింద మధ్యాహ్నం ఎండ చుక్కలుచుక్కలుగా రాలి ముఖాన్ని ముక్కలు చేస్తుంది, గులాబీ రంగు షామియానా ఒంటిరంగునే మార్చేస్తుంది. ఈ రెండు చోట్లా మనుషులను పందిరి అంచుకు జరపడం తప్ప వేరే మందు లేదు. సముద్రం ఇక్కడ తూర్పున ఉంది కనుక పొద్దున నీటి వైపు తిరిగి నిలబడినవారి ముఖాల మీద నేరుగా వెలుగు పడుతుంది. సాయంత్రం పొద్దు మహేంద్రగిరి కొండల వైపు దిగిపోతుంటే అలల దగ్గర నీడలు లేని సమానమైన వెలుతురు మిగులుతుంది. బిడియపడే జంటలకు ఆ సాయంత్రపు వెలుతురే అనువైనది, ఎందుకంటే కళ్లు చిట్లించనక్కర లేదు, నుంచున్న చోట నుంచి ఎటు కదిలినా ఫొటో చెడదు.

పెళ్లితంతు తెలిసినవాడికి ఏ క్షణం వస్తుందో ముందే తెలుస్తుంది. ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ 1952లో ప్రచురించిన గ్రంథంతో నిర్ణాయక క్షణం అన్న భావన లోకానికి పరిచయమైంది. ఒక సంఘటన అర్థమూ దాని రూపమూ ఒకే రెప్పపాటులో కలిసే తరుణమని దాని సారం. వీధిలో ఆ తరుణం ఎక్కడ ఎదురవుతుందో ఎవరికీ తెలియదు. తెలుగు పెళ్లిలో మాత్రం పురోహితుడి మంత్రమే దాని రాకను చెబుతుంది. అడ్డుతెర తొలగే ముందు చేతుల్లో జీలకర్ర-బెల్లం ఉంటుంది, ముహూర్తం పలకగానే ఆ చేతులు ఒకరి తల మీద ఒకరివి ఆనుతాయి, తెర దిగుతుంది, అప్పుడు చూపులు కలుస్తాయి. చూపులు కలవకపోవచ్చు కూడా. తల దించుకున్న పెళ్లికూతురిని పైకి చూడమని ఫొటోగ్రాఫరు కేక వేయడం ఇప్పుడు మామూలైపోయింది, అది మానిపించడం గురువు మొదటి కర్తవ్యం. దించుకున్న ఆ తలా, దాన్ని చూస్తూ ఏం చేయాలో తోచని పెళ్లికొడుకు ముఖమూ కలిస్తేనే నిండు ఫొటో.

తలంబ్రాలూ, ఆ తరువాత బిందెలో ఉంగరం తీసే వేడుకా మనుషుల తీరును అన్నిటికంటే బాహాటంగా చూపిస్తాయి. ఇరుకు మూతి బిందెలో నీళ్లు పోసి ఉంగరం వేస్తారు; రెండు చేతులూ ఒకేసారి మణికట్టు పైదాకా లోపలికి దిగుతాయి, గాజులు బిందె అంచుకు తగిలి మోగుతాయి, నీళ్లు ఒలికి పట్టుపంచె తడుస్తుంది. లోపల వేళ్లు ఏం చేస్తున్నాయో బయటికి కనబడదు, కానీ భుజాలు చెబుతాయి. గెలవాలనుకునేవారి భుజం ముందుకు వంగుతుంది, పై పెదవి బిగుసుకుంటుంది. ఉంగరం దొరికీ వదిలేసేవారి మోచేయి ఒక్కసారిగా వదులై, కళ్లు బిందె మీద నుంచి ఎదుటి ముఖం మీదకు పోతాయి. అంతసేపూ బిందెలోకి తొంగిచూస్తూ చేతులను మాత్రమే తీస్తున్న ఫొటోగ్రాఫరుకు ఇది దక్కదు. నేల మీద మోకాళ్లూని, ఇద్దరి ముఖాలూ బిందె అంచూ ఒకే చట్రంలో ఇమిడేటట్టు 35 ఎం.ఎం. లెన్సుతో, సెకనులో రెండువందల యాభయ్యో వంతుకు తగ్గని షట్టరు వేగంతో, చుట్టూ మూగిన పిల్లలను తరమకుండా కాచుకుని ఉన్నవాడికి దక్కుతుంది. అప్పగింతల వేళకు ఇదే ఫొటోగ్రాఫరు అయిదారు అడుగులు వెనక్కి వెళ్లి, పొడుగు లెన్సు తగిలించుకుని, లైటు ఆర్పించాలి; తండ్రి ఏడుపు మీదికి హాలోజన్ వెలుగు ఎత్తిపట్టడం ఎంతమాత్రం తగని పని.

నేర్పే పద్ధతుల్లో అన్నిటికంటే ఫలితమిచ్చేది శిష్యుణ్ణి ఒక పెళ్లికి కెమెరా లేకుండా పంపడం. మొదటి నుంచి చివరిదాకా చూసి రావాలి. తిరిగి వచ్చాక ఎవరు ఎవరికి ఏమవుతారో, పెళ్లికూతురు ఎవరి వైపు చూసినప్పుడు తేలికపడిందో, పెళ్లికొడుకు తల్లి భోజనం చేసిందో లేదో చెప్పగలగాలి. రెండోది, ఒకే లెన్సుతో, మొత్తం 36 ఫొటోలకు మించకుండా ఒక పూట తీయమనడం; ఫిల్ము రోలు పెట్టిన హద్దు ఆగడం నేర్పినట్టుగా మరేదీ నేర్పదు. మూడోది, తీసిన వాటిని గురువూ శిష్యుడూ కలిసి చూడడం. ఇక్కడ మంచివి ఏరి మెచ్చుకుని వదిలేయడం కంటే, పక్కన పెట్టేసిన ఫొటోల మీద ఎక్కువసేపు ఉండడం అవసరం. దీనికి ముందు ఏం జరిగింది, నువ్వు మీట నొక్కాక ఏం జరిగింది అని ప్రతి ఫొటోకూ అడుగుతూ పోతే, తాను ఒక్క క్షణం ముందుగానో ఆలస్యంగానో తీసిన సంగతి శిష్యుడికే తెలిసివస్తుంది.

తీయడంతో పని అయిపోదు, తీసినదాన్ని దిద్దడంలోనూ నేర్పవలసింది ఉంది. పలాస పేరు చెప్పగానే గుర్తొచ్చేది జీడిపప్పు. ఇక్కడి జీడి పరిశ్రమల్లో పిక్కలు కొట్టి, పొట్టు తీసే పనిలో అధికులు స్త్రీలు. పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, గోళ్లనూ వేళ్లనూ నల్లబరుస్తుంది. కూతురి తల మీద అక్షింతలు వేసే తల్లి చేయి అటువంటిదే కావచ్చు, పెళ్లికూతురి చేయి కూడా అటువంటిదే కావచ్చు. ఆల్బం డిజైను చేసేటప్పుడు కంప్యూటరులో ఆ చేతిని నున్నగా దిద్దడం, ముఖాలను తెల్లబరచడం ఇప్పుడు అలవాటులో భాగమైంది. కుటుంబాలు తెల్లగా చేయమని అడగడమూ ఉంది, ఆ కోరికను కసిరికొట్టడం తగదు. అయినా మొటిమ వంటి పోయే మచ్చను తీసేయడం వేరు, జీవితాంతం ఉండే ఒంటిరంగునూ కష్టం చేసిన చేతినీ చెరిపేయడం వేరు అని శిష్యుడికి తెలియాలి. మంచి వెలుతురులో, సరైన వైట్ బ్యాలెన్సుతో, అంటే దీపపు పసుపును తెలుపుగా సరిచేసే అమరికతో తీసిన చామనఛాయ ఎంత నిండుగా ఉంటుందో ప్రింటు వేసి చూపిస్తే, తెల్లబరచమన్న మాట చాలా ఇళ్లలో తిరిగి వినబడదు.

ఈ విద్యలో ఆడపిల్లలకు చోటు దొరకకపోవడం పెద్ద లోటు. హైదరాబాదులో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ 1892లో జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. పరదా పాటించే ఇళ్ల స్త్రీలు తోటి స్త్రీ ఎదుటనైతే నిస్సంకోచంగా కూర్చోగలరని ఆయన గ్రహించాడు. నలుగు పెట్టే గదిలో, పూలజడ వేసే చోట, అత్తింటికి బయలుదేరే ముందు తల్లీకూతుళ్లు తలుపు వేసుకుని మాట్లాడుకునే వేళ, మగ ఫొటోగ్రాఫరుకు ఎంత మర్యాద తెలిసినా అందనిది చాలా ఉంది. టెక్కలి, పలాస స్టూడియోలు ఇద్దరు ముగ్గురు అమ్మాయిలకైనా తర్ఫీదిచ్చి, పెళ్లిళ్ల రాత్రుల్లో వారు క్షేమంగా ఇల్లు చేరే ఏర్పాటు చేస్తే ఈ ప్రాంతపు పెళ్లి ఆల్బంలో సగం పేజీల తీరే మారుతుంది. నలుగు గది వంటి చోట్ల తీసినవి ఇంటివారి అనుమతి లేకుండా స్టూడియో ప్రచారానికి ఫోనుల్లోకి ఎక్కకూడదన్నది కూడా మొదటి రోజే చెప్పవలసిన నియమం.

ఇంత శ్రద్ధ అవసరమా అన్న సందేహానికి ఈ నేలే జవాబు చెబుతుంది. ఉద్దానాన్ని మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తోంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రమూ 200 పడకల ఆసుపత్రీ ప్రారంభమైంది 2023 డిసెంబరులో. డయాలసిస్ రోజులు చూసుకుని ముహూర్తం పెట్టుకునే ఇంట్లో, కన్యాదానం చేసే తండ్రి పీటల మీద ఎక్కువసేపు కూర్చోలేకపోవచ్చు. ఆయన నీరసాన్ని ఎత్తిచూపకుండా, ఆయన ఉనికిని మాత్రం తప్పిపోకుండా తీయడం ఎంత బాధ్యతో శిష్యుడికి తెలిసి ఉండాలి. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపానుకు ఇక్కడి కొబ్బరి, జీడి తోటలు విస్తారంగా నేలకూలాయి. అంతకు ముందు జరిగిన పెళ్లిళ్ల ఫొటోల వెనుక నిలబడి ఉన్న ఆ చెట్లు ఇప్పుడు చాలా పెరళ్లలో లేవు. ఈ కారణం చేతనే, కొత్తగా క్యాండిడ్ ఫొటోలు నేర్చినవారు చిన్నచూపు చూసే వరుస గ్రూపు ఫొటోలకు కూడా గౌరవం దక్కాలి. పెళ్లికి ఎవరెవరు వచ్చారో చెప్పేవి అవే. పెళ్లయిన నెలకే గల్ఫ్‌లోని దోహాకో గుజరాత్ రేవు వేరావల్‌కో తిరిగిపోయే భర్తకూ, ఇక్కడ మిగిలే భార్యకూ ఆ మరుసటి సెలవు దాకా ఆల్బంలో కనబడే ఇద్దరూ తామేనని అనిపించాలి కదా.

ఈ తర్ఫీదుకు కొత్త భవనాలు అక్కర లేదు, కొంత సమయమూ కొంత డబ్బూ కావాలి. మాఘం నుంచి వైశాఖం దాకా, మళ్లీ శ్రావణంలో ముహూర్తాలు తోసుకువస్తాయి కనుక ఆ రోజుల్లో ఎవరికీ ఊపిరాడదు. పెళ్లిళ్లు లేని ఆషాఢం పాఠానికి అనువైన కాలం. ఆ నెలలో శిష్యులు స్టూడియోకు వస్తే రోజుకూలీ ముట్టజెప్పడం న్యాయం, లేకపోతే లైట్లు మోసే కుర్రాళ్లు మరో పనికి పోక తప్పదు. 1839లో డాగెర్ కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతిని ఫ్రాన్సు లోకానికి వెల్లడించిన ఆగస్టు 19ని తెలుగు పట్టణాల్లో ఫొటోగ్రాఫర్ల సంఘాలు ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవంగా జరుపుకుని, ఆయన చిత్రపటానికి పూలమాల వేస్తాయి. మాల వేశాక, ప్రతి స్టూడియో ఆ ఏడాది తీసిన ఒక్కొక్క పెళ్లి నుంచి, ఆ కుటుంబం సమ్మతితో, పదేసి ప్రింట్లు తెచ్చి బల్ల మీద పరిచి, గురువులూ శిష్యులూ ఒకచోట కూర్చుని ఆ జంట ఎటువంటిదో ఫొటోలను చూసి మాత్రమే చెప్పే ప్రయత్నం చేయవచ్చు. పెళ్లికి వెళ్లిన ఫొటోగ్రాఫరు అదంతా విన్న తరువాతే నోరు విప్పి, ఆ ఇద్దరి గురించి తనకు తెలిసింది చెప్పాలి.